‘చప్పుడు వినపడలేదు మేడమ్’: ఆన్‌లైన్ చదువు గురించి ఫార్మసీ విద్యార్థులు చెప్పిన మాటలు

(ఫార్మసీ కళాశాలల అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి మీరు సాఫ్ట్‌వేర్ల గురించీ, స్మార్ట్ బోర్డుల గురించీ, వీడియో పాఠాలు రికార్డు చేసే పద్ధతుల గురించీ విన్నారు. నాకిచ్చిన అంశం వేరే. ఆన్‌లైన్ తరగతుల గురించి, సగం ఆన్‌లైన్ సగం కాలేజీగా నడిచే బ్లెండెడ్ చదువు గురించి మన ఫార్మసీ పిల్లలు ఏమనుకుంటున్నారో చెప్పమన్నారు. వాళ్లు నాతో చెప్పింది చెబుతాను. దాన్నుంచి నాకు అర్థమైనదీ చెబుతాను. ఆ రెండూ కలగాపులగం కాకుండా చూసుకుంటాను.

ముందు ఒక ఫామ్ సంగతి చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టాక మా పిల్లలు ల్యాబ్ రికార్డులు సగంలో వదిలేసి ఊళ్లకు వెళ్లిపోయారు. కొన్నాళ్లకు ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టాం. ఎలా నడుస్తున్నాయో తెలుసుకుందామని నేనొక గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పాఠం అర్థమవుతోందా, వేగం సరిపోతోందా, రికార్డింగులు చూస్తున్నారా అని అడిగాను. రెండు రోజుల్లో జవాబులు వచ్చాయి. చాలావరకు బాగున్నాయి. చదివి సంతోషపడ్డాను. మూడో రోజు ఎందుకో హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూశాను. జవాబులు పంపినవాళ్లు దాదాపు అందరూ రోజూ క్లాసుకు వస్తున్నవాళ్లే. క్లాసుకు రాలేకపోతున్నవాళ్ల నుంచి ఫామ్ కూడా రాలేదు. ఎలా వస్తుంది? క్లాసు అందనివాడికి ఫామ్ మాత్రం ఎలా అందుతుంది?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆన్‌లైన్ చదువు మీద విద్యార్థుల అభిప్రాయం అని మనం ఎక్కడ ఏ అంకె చూసినా, ఆ అంకె ఏ దారిలో వచ్చిందో అడగాలి. ఆన్‌లైన్‌లో అడిగితే ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లే చెబుతారు. సిగ్నల్ లేనివాళ్ల అభిప్రాయం అందులో ఉండదు. వాళ్లు సంతోషంగా ఉన్నట్టూ కాదు, బాధగా ఉన్నట్టూ కాదు, అసలు లెక్కలోనే లేనట్టు. అందుకే ఆ సాయంత్రం నుంచి ఫామ్ పక్కన పెట్టి, రానివాళ్ల నంబర్లు తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

చింతపల్లి వైపు ఏజెన్సీ గ్రామం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు. మూడు రోజులు ప్రయత్నిస్తే నాలుగో రోజు వాడే చేశాడు. ‘మీ మిస్డ్ కాల్ మెసేజ్ ఇప్పుడే వచ్చింది మేడమ్. గట్టు మీదికొచ్చాను’ అన్నాడు. వాళ్ల ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే ఆ గట్టు ఎక్కాలి. ‘రోజూ పది గంటల క్లాసుకి ఎక్కగలవా నాన్నా?’ అని అడిగాను. ‘ఎక్కుతున్నాను మేడమ్, కానీ వానొస్తే ఫోను జేబులో పెట్టేసుకోవాలి. పాఠం వినపడుతుంది గానీ బోర్డు కనపడదు’ అన్నాడు. నేను ఆ రోజుల్లో చెబుతున్నది ఫార్ములాలు. జేబులో ఉన్న ఫోన్లోంచి ఫార్ములా ఎలా కనిపిస్తుంది? అయినా వాడు ఎక్కుతూనే ఉన్నాడు. నా హాజరు పట్టీలో మాత్రం వాడు సగం రోజులు ఆబ్సెంటు.

ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఇంట్లో ఒకటే స్మార్ట్ ఫోను. కిరాయికి పిలుపులొచ్చేది దానికే కాబట్టి పొద్దున ఆయన జేబులో వెళ్లిపోతుంది. రాత్రి ఇంటికొచ్చాక మొదట తమ్ముడి స్కూలు హోంవర్కు, ఆ తర్వాత ఈ పిల్ల క్లాసు. అప్పటికి రోజు డేటా అయిపోతుంది. ఇంకొకమ్మాయికి ఫోనుంది, సిగ్నలుంది, డేటా ఉంది. ఆమె చెప్పిన మాట నేను ఇప్పటికీ మరిచిపోలేను. ‘ఇంట్లో ఉన్నానంటే ఖాళీగా ఉన్నాననుకుంటారు మేడమ్. చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా పాలు పొంగకుండా చూడమంటారు.’ కాలేజీకి బస్సెక్కి వచ్చిన పిల్లను చదువుకునే పిల్లగా ఇల్లు గుర్తిస్తుంది. గదిలో మూలన కూర్చున్న పిల్లను గుర్తించదు. మగపిల్లల్లో ఒక్కరు కూడా ఈ మాట చెప్పలేదు. ఆడపిల్లలు మాత్రం ఒకరి తర్వాత ఒకరు చెప్పారు.

ఇవన్నీ విన్నాక ఆన్‌లైన్ అంటేనే చెడ్డది అనే నిర్ణయానికి నేను వచ్చేసి ఉండేదాన్ని. అదే పిల్లలు, అదే ఫోన్ సంభాషణల్లో, నన్ను ఆపారు.

కాలేజీ మళ్లీ తెరిచాక ఆన్‌లైన్ రికార్డింగులు తీసేస్తారా అని భయంగా అడిగినవాళ్లు ఎక్కువగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇది నేను ఊహించలేదు. మన దగ్గర ఇంటర్ వరకు తెలుగులో చదివిన పిల్లలు ఒక్కసారిగా ఫార్మకోకైనెటిక్స్‌లోకి, హెటరోసైక్లిక్ కెమిస్ట్రీలోకి వచ్చి పడతారు. క్లాసులో మనం ఇంగ్లీషులో ఒక వాక్యం చెబుతాం. అందులో మొదటి సగం వాళ్లు మనసులో తెలుగులోకి మార్చుకునేలోపు మనం మూడో వాక్యంలో ఉంటాం. ఇది ఏళ్ల తరబడి జరుగుతున్నదే. వాళ్లు చెప్పలేదు, మనం అడగలేదు. రికార్డింగులో వాళ్లకి పాజ్ బటన్ దొరికింది. ఒకబ్బాయి ఇలా అన్నాడు: ‘క్లాసులో మిమ్మల్ని ఆపమని అడగలేను కదా మేడమ్. ఫోన్లో ఐతే ఆపుతాను. నాలుగు సార్లు వింటాను. డిక్షనరీ చూసుకుని మళ్లీ వింటాను.’

నాలుగు సార్లు. ఇన్నేళ్ల నా అనుభవంలో క్లాసులో ఏ పిల్లాడికీ ఒక పాఠం నాలుగు సార్లు చెప్పలేదు. చెప్పే వీలు కూడా లేదు. కాబట్టి ఆ పాజ్ బటన్‌ని వాళ్ల దగ్గర్నుంచి లాక్కోకూడదని ఆ రోజే అనుకున్నాను.

రెండోది సందేహాల సంగతి. అరవై మంది, వంద మంది ఉండే సెక్షన్లలో చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ ఐదారుగురే. మీ అందరికీ తెలుసు. చాట్‌లో మాత్రం సంవత్సరమంతా గొంతు వినపడని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. అదీ రాత్రి పదకొండింటికి. ‘మేడమ్, సారీ మేడమ్, జీరో ఆర్డర్‌లో హాఫ్ లైఫ్ డోస్‌తో ఎందుకు మారుతుంది?’ అని. జీరో ఆర్డర్ అంటే ఒంట్లోంచి మందు గంటకు ఒకే మొత్తంలో పోవడం, హాఫ్ లైఫ్ అంటే అది సగానికి తగ్గే సమయం. మంచి ప్రశ్న. తరగతిలో అడిగి ఉంటే అందరికీ ఉపయోగపడేది. అడిగితే పక్కవాళ్లు నవ్వుతారని భయం. ఆ పిల్లకు చాట్ ఒక తెర. ఆ తెర వెనక నుంచి ఆమె తెలివి మొదటిసారి నాకు కనిపించింది.

ఇప్పుడు ల్యాబ్ దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ విషయంలో మా పిల్లల్లో దాదాపు ఎవరికీ రెండో మాట లేదు.

2021 వేసవిలో రెండో వేవ్ వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్ పిల్లలకు ఫార్మాస్యూటిక్స్ ప్రాక్టికల్ ఆన్‌లైన్‌లో చూపించాల్సి వచ్చింది. లిక్విడ్ పారఫిన్ ఎమల్షన్, అంటే ఆ నూనెనీ నీళ్లనీ విడిపోకుండా కలిపి చేసే మందు. చేసేది డ్రై గమ్ పద్ధతిలో. కాలేజీ నుంచి మోర్టార్ అనే కల్వం, పెస్టిల్ అనే నూరే బండ, గమ్ అకేసియా అనే జిగురు పొడి ఇంటికి తెచ్చుకున్నాను. వంటగది గట్టు మీద డబ్బాలు పేర్చి, వాటి మీద ఫోను ఆనించి పెట్టాను. మీకు తెలిసిందే, పారఫిన్ లాంటి ఖనిజ తైలానికి కొలత మూడు, రెండు, ఒకటి. మూడు పాళ్లు పారఫిన్, రెండు పాళ్లు నీళ్లు, ఒక పాలు గమ్. మోర్టార్ పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్క చుక్క తడి ఉన్నా గమ్ ఉండలు కడుతుంది. నూనెలో గమ్ కలిపి మెత్తగా నూరి, నీళ్లన్నీ ఒకేసారి పోసి, ఇక ఆగకుండా ఒకే వైపు, గబగబా తిప్పాలి. కాసేపటికి అది తెల్లగా మారుతుంది, చిక్కబడుతుంది. చిక్కటి క్రీము పెస్టిల్‌కి అంటుకుని ఊడుతూ ఉంటే టప్ టప్ టప్ అని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడే గుర్తు. ప్రైమరీ ఎమల్షన్, అంటే మొదట తయారవ్వాల్సిన చిక్కటి మిశ్రమం, కుదిరిందని పుస్తకాల్లో రాసే గుర్తు అదే. అది రాకముందే తొందరపడి మిగతా నీళ్లు పోస్తే నూనె విడిపోతుంది. మళ్లీ మొదటికే.

నేను తిప్పుతున్నాను. చప్పుడు వచ్చింది. వంటగదిలో నాకు గట్టిగా వినపడుతోంది. ‘విన్నారా? ఇదే ఆ క్లిక్కింగ్ సౌండ్’ అన్నాను. అటునుంచి నిశ్శబ్దం. ఒకమ్మాయి మైకు తెరిచి, ‘చప్పుడు వినపడలేదు మేడమ్. మీ మాటే వినపడుతోంది’ అంది. ఇంకోసారి తిప్పాను. ఫోను దగ్గరగా జరిపాను. వినపడలేదు. తర్వాత తెలిసింది కారణం. ఈ మీటింగ్ యాప్‌లు చాలావరకు మాట స్పష్టంగా రావడానికి వెనక వచ్చే చప్పుళ్లను వడకట్టేస్తాయి. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, కీబోర్డు చప్పుడు. నా ఎమల్షన్ చప్పుడును కూడా అనవసరమైన గోల అనుకుని యాప్ తీసేసింది. నేను నేర్పించాలనుకున్న ఒకే ఒక్క విషయాన్ని తీసేసి, మిగతా మాటలన్నీ శుభ్రంగా పిల్లలకు చేరవేసింది.

ఆ పిల్లలు రికార్డులో అన్నీ రాశారు. ‘క్లిక్కింగ్ సౌండ్ వచ్చేవరకు నూరవలెను’ అని అక్షరం తప్పులేకుండా రాశారు. మార్కులు వేశాను. వేస్తుంటే చెయ్యి ఆగింది. వినని చప్పుడుకు మార్కులు వేస్తున్నాను.

కాలేజీ తెరిచాక అదే బ్యాచ్‌కి అదే ఎమల్షన్ మళ్లీ పెట్టాను. టైంటేబుల్‌లో లేదు, వాళ్లు అప్పటికే పై సెమిస్టర్‌కు వెళ్లిపోయారు. శనివారం మధ్యాహ్నం పెట్టాను. మొదటిసారి చాలామందికి విడిపోయింది. కారణం చూస్తే, చెయ్యి నొప్పి పుట్టి మధ్యలో ఆపుతున్నారు. వీడియోలో నేను తిప్పుతుంటే అది తేలిగ్గా కనిపించింది వాళ్లకి. మణికట్టు ఎంత నొప్పి పుడుతుందో వీడియోలో కనపడదు. రెండోసారి మొదలుపెట్టారు. ల్యాబ్‌లో ఒక మూల నుంచి, ‘మేడమ్! వచ్చింది!’ అని కేక. చప్పుడు వినపడలేదని ఆ రోజు చెప్పిన అమ్మాయే. పెస్టిల్ ఆపకుండా తిప్పుతూనే ఉంది, చెమటలు కారుతున్నాయి, చుట్టూ నలుగురు చేరి మోర్టార్ మీదికి చెవులు వంచారు. ఆ క్షణంలో ఆ అమ్మాయి మొహం మీరు చూసి ఉంటే, ఈ ప్రసంగంలో నేను చెప్పేదంతా అక్కర్లేకుండానే మీకు అర్థమయ్యేది.

ఇలాంటివి మన సబ్జెక్టులో ఇంకెన్నో ఉన్నాయి. ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ కొలిచే టైట్రేషన్‌లో లేత గులాబీ రంగు ఎక్కడ ఆగాలి అనేది ఫోను స్క్రీన్ బ్రైట్‌నెస్‌ని బట్టి మారిపోతుంది. బిళ్లల కోసం పొడిని తడిపి గుళికలు చేసే తడి గ్రాన్యులేషన్‌లో పిండి ముద్ద గుప్పిట్లో పట్టుకుంటే నిలవాలి, వేలితో నొక్కితే విరగాలి. ఆ పదును చేతికి తెలియాలి తప్ప కంటికి తెలియదు. జంతికల పిండి పదును అమ్మ దగ్గర చూసిన పిల్లలు దీన్ని తొందరగా పట్టుకుంటారని నేను చాలాసార్లు గమనించాను.

ఆ బ్యాచ్‌లవాళ్లు తర్వాత ఉద్యోగాలకు వెళ్లారు. మన పిల్లలు వెళ్లేది జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా సిటీ. ఒకబ్బాయి క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి నాతో చెప్పాడు. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ సూత్రం అడిగితే బాగా చెప్పాడట. మొబైల్ ఫేజ్‌ని, అంటే అందులో పారే ద్రవాన్ని, డీగ్యాస్ చేసి గాలి ఎందుకు తీసేయాలి అంటే అదీ చెప్పాడట. ‘ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే మొదట ఏం చూస్తావు?’ అని అడిగారట. ‘నేను మెషీన్ ఎప్పుడూ ముట్టుకోలేదు సార్’ అని నిజం చెప్పేశాడు. ఉద్యోగం రాలేదు. వాడు నా మీద కోపంగా లేడు. ‘మీరేం చేస్తారు మేడమ్, కరోనా కదా’ అన్నాడు. అలా అన్నందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. కరోనా వచ్చినందుకు ఎవరినీ తప్పు పట్టలేం. కాలేజీ తెరిచాక వాళ్లకు బాకీ పడ్డ ల్యాబ్ గంటలు ఎన్ని కాలేజీలు తీర్చాయి? ఇది మాత్రం అడగొచ్చు. మా దగ్గర కూడా కొన్నే తీర్చగలిగాం.

ల్యాబ్ అంటే ప్రతిదీ చేత్తోనే చేయాలని కూడా పిల్లలు అనలేదు. ఫార్మకాలజీ ప్రాక్టికల్స్ సంగతి చూడండి. మన బీఫార్మసీ సిలబస్‌లోనే జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్లతో, వీడియోలతో చూపించాలని ఉంది. పుదుచ్చేరి జిప్మర్ వైద్య సంస్థ నుంచి వచ్చిన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లు కరోనాకు చాలా ముందు నుంచే మన ల్యాబుల్లో ఉన్నాయి. ఒకప్పుడు కప్పను కోసి చేసిన ప్రయోగం ఇప్పుడు తెర మీద జరుగుతుంది. పిల్లలు దీన్ని ఇష్టపడుతున్నారు. మందు మోతాదు మార్చి, మళ్లీ మార్చి, గీత ఎలా వస్తోందో ఎన్నిసార్లయినా చూడొచ్చు. ప్రాణి చావదు. ఒకమ్మాయి, ‘కప్పను కోయాలంటే ఫార్మసీ మానేసేదాన్ని మేడమ్’ అంది. ఇక్కడ తెర నిజంగానే మేలు.

అంటే పిల్లలు ప్రయోగం ప్రయోగానికీ తేడా చూస్తున్నారు. ఎమల్షన్ చేతికి కావాలి, కప్ప తెర మీద చాలు. ఈ తేడా వాళ్లకు తెలుసు. అంకెలు వేసే మనమే దాన్ని మరిచిపోతున్నాం. 2021 మే నెలలో యూజీసీ బ్లెండెడ్ విధానం మీద ఒక ముసాయిదా పెట్టింది. ప్రతి కోర్సులోనూ 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని అందులో ఉంది. ఆ తర్వాత చాలా సమావేశాల్లో 40, 60 అనే మాట మంత్రంలా వినిపించింది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఫార్మసీకి ఒకే శాతం కుదరదు. మందుల చట్టాలు చెప్పే ఫార్మాస్యూటికల్ జూరిస్‌ప్రుడెన్స్ తీసుకోండి. షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా ఏమిటి, ఆ మందులు అమ్మితే రిజిస్టర్ మూడేళ్లు ఎందుకు ఉంచాలి, ఇవి రికార్డింగులో విన్నా నష్టం లేదు. చట్టం నాలుగు సార్లు విన్నవాడికే బాగా గుర్తుంటుంది. ఇండస్ట్రియల్ ఫార్మసీ ల్యాబ్‌లో మాత్రం పదో వంతు తగ్గించినా చేతికి అందాల్సింది పోతుంది. మన ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన చూడండి. బీఫార్మసీలో 80 శాతం హాజరు ఉండాలి, అదీ థియరీకి వేరుగా, ప్రాక్టికల్‌కి వేరుగా లెక్కపెట్టాలి. రెండూ కలిపేస్తే థియరీలో ఎక్కువున్న హాజరు ల్యాబ్‌లో లేని హాజరును కప్పేస్తుంది. ఆన్‌లైన్, కాలేజీ గంటలు పంచుకునేటప్పుడు కూడా ఈ ‘వేరుగా’ అన్న మాట దగ్గరే మనం మొదలుపెట్టాలి.

ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ చదివే పిల్లల మాట కూడా చెప్పాలి. వాళ్లకు ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. వాళ్ల ల్యాబ్ అంటే వార్డు. వార్డు మూతపడినప్పుడు వాళ్లకు కేసులు పీడీఎఫ్‌లుగా పంపాం. వయసు, బరువు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, వాడుతున్న మందులు. కూర్చుని ఇంటరాక్షన్లు, అంటే ఒకదానితో ఒకటి పడని మందులు వెతికారు. బాగానే వెతికారు. కానీ ఒక ఇంటర్న్ అన్న మాట: ‘పీడీఎఫ్‌లో పేషెంటు అబద్ధం చెప్పడు మేడమ్.’ నిజం. వార్డులో పెద్దాయన్ని ఇన్‌హేలర్ వాడటం వచ్చా అంటే, ‘ఆఁ, రోజూ కొట్టుకుంటున్నానమ్మా’ అంటాడు. వాడి చూపించమంటే నోట్లో స్ప్రే చేసుకుని మింగుతాడు, ఊపిరి పీల్చడు. ‘చూపించండి తాతా’ అని అడగాలన్న సంగతి పీడీఎఫ్ నేర్పదు.

అయితే ఇదే లాక్‌డౌన్‌లో ఇంకో సంగతి జరిగింది. ఫార్మ్‌డీ పిల్లలకు ఒక అసైన్‌మెంటు ఇచ్చాం. ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న పెద్దవాళ్ల మందుల సంచి తెరిచి, ఏ మందు ఎప్పుడు ఎలా వేసుకుంటున్నారో రాయమన్నాం. ఒకమ్మాయి వాళ్ల తాతయ్య సంచి తెరిచింది. బీపీకి రెండు రకాల బిళ్లలు వేసుకుంటున్నాడు. రంగులు వేరు, పేర్లు వేరు. వెనక సన్నక్షరాలు చదివితే రెండింట్లోనూ ఒకటే మందు, అమ్లోడిపిన్. ఒకటి ఊళ్లో డాక్టరు రాసింది, ఇంకోటి టౌనులో డాక్టరు రాసింది. ఆయనకు కొన్నాళ్లుగా కాళ్లు వాస్తున్నాయి. వయసు మీద పడింది కదా అనుకుంటున్నారు ఇంట్లోవాళ్లు. అమ్మాయి మాకు చెప్పింది, మేం డాక్టరుకు చూపించమన్నాం. ఆయన ఒకటి ఆపించాడు. వాపు తగ్గింది. ఆ పిల్ల అమ్లోడిపిన్‌కి కాళ్ల వాపు వస్తుందని రెండేళ్ల ముందే పరీక్షలో రాసి ఉంటుంది. తాతయ్య పాదం మీద వేలితో నొక్కి గుంట చూసిన రోజున అది ఆమెకు చదువైంది.

దీన్ని నేను బ్లెండెడ్ చదువు అంటాను. పాఠం ఫోన్లో విన్నది. పని ఇంట్లో చేసింది. చర్చ మాతో జరిగింది. వీడియో క్లాసులు కొన్ని, కాలేజీ క్లాసులు కొన్ని అని టైంటేబుల్‌లో పంచిపెట్టడం వల్ల ఇది జరగలేదు. ఎక్కడ ఏది బాగా నేర్చుకోవచ్చో ఆలోచించి ఇచ్చిన పని వల్ల జరిగింది.

పిల్లలు మన దగ్గర్నుంచి ఏమడుగుతున్నారో కూడా చెబుతాను. మొట్టమొదట అడిగింది చిన్న వీడియోలు. మా క్లాసులు గంట నడుస్తాయి కాబట్టి రికార్డింగూ గంట ఉండేది. ఒకే ఒక పాయింటు మళ్లీ వినాలంటే గంటలో ఎక్కడుందో వెతుక్కోవాలి. డేటా అక్కడే అయిపోతుంది. పది నిమిషాల ముక్కలుగా, ఒక ముక్కలో ఒకే విషయం పెట్టమన్నారు. ఆడియో విడిగా ఇవ్వమన్నారు. గట్టు మీద అబ్బాయి లాంటివాళ్లకు ఆడియో ఒక నిమిషంలో దిగుతుంది, ఇంటికి వెళ్లి వింటారు. బోర్డు ఫోటో ఒకటి జతచేస్తే చాలు. దీనికి స్టూడియో అక్కర్లేదు. నేను ఇప్పుడు నా ఫోన్లోనే చేస్తున్నాను.

స్లైడ్లు చదవొద్దని కూడా అడిగారు. స్లైడు వాళ్లూ చదువుకోగలరు. చేత్తో గీస్తూ చెప్పమన్నారు. మందు ఒంట్లోని రిసెప్టర్‌ని ఎలా అంటుకుంటుందో గీత గీస్తూ చెబితే, గీత ఎటు వెళుతుందో చూస్తూ ఆలోచిస్తామన్నారు. ఇంకొకరు ఇంగ్లీషు పాఠంలో అక్కడక్కడా రెండు తెలుగు మాటలు చెప్పమన్నారు. పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తాం, అర్థం మాత్రం తెలుగులో కావాలి అన్నారు. ఇందులో మనకు పోయేదేముంది?

అన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది ఒక రెండో సెమిస్టర్ పిల్ల ఇచ్చిన సలహా. ‘ల్యాబ్ అయ్యాక వీడియో ఎందుకు మేడమ్, ముందే ఇవ్వండి’ అంది. ల్యాబ్‌లో మొదటి గంట మనం ప్రొసీజర్ చెప్పడానికి పోతుంది. వాళ్లు రాసుకోవడానికి పోతుంది. నాలుగు గంటల ల్యాబ్‌లో చేతిలో గ్లాసువేర్ ఉండేది రెండు గంటలే. వీడియో ముందు రోజు పంపితే వచ్చీరాగానే పని మొదలుపెట్టొచ్చు, పాడైతే రెండోసారి చేసే టైం ఉంటుంది. పాడు చేసే టైం కావాలి అని అడిగింది ఆ పిల్ల. అప్పటినుంచి మా ల్యాబ్‌లో అదే చేస్తున్నాం. ముందు రోజు సాయంత్రం ఎనిమిది నిమిషాల వీడియో. పొద్దున వచ్చాక ఐదు ప్రశ్నలు. ఆ తర్వాత ఆప్రాన్ వేసుకుని బెంచీ దగ్గరికి. ఫోను లేనివాళ్లు, సిగ్నల్ లేనివాళ్లు ఉంటారు కాబట్టి ల్యాబ్ తలుపు అరగంట ముందు తెరిచి, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో చూపిస్తాం. ఆ అరగంట మాత్రం వదలొద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఆ అరగంట వదిలేస్తే ఈ పద్ధతి కూడా సిగ్నల్ ఉన్నవాళ్లదే అవుతుంది.

మనం తయారుచేసే పిల్లలు రేపు మందుల షాపు కౌంటరు వెనక నిలబడతారు. రాత్రి తొమ్మిదింటికి, చంటిపిల్లకు జ్వరమొచ్చి, డాక్టరు రాసిన సిరప్ ఎన్ని ఎంఎల్ పొయ్యాలో తెలియక వచ్చిన తల్లికి జవాబు చెప్పేది వాళ్లే. ఆమెకు వీళ్లు ఏ పద్ధతిలో చదివారో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందుకే పిల్లలు తమకేం అందలేదో చెబుతున్నప్పుడు నేను దాన్ని ఫిర్యాదుగా వినలేకపోతున్నాను. నాకేం తెలియదో నాకు తెలుసు అని వాళ్లు మన ముందు నిజాయితీగా ఒప్పుకుంటున్నారు.

ఇంతకన్నా మాటలతో చెప్పను. నిర్వాహకులను అడిగి కింద ల్యాబ్‌లో పన్నెండు మోర్టార్లు కడిగించి, తుడిచి ఆరబెట్టించాను. పారఫిన్, గమ్ తూచి పెట్టారు. మీలో ఫార్మకాలజీ, అనాలిసిస్ చెప్పేవాళ్లు చాలామంది ఎమల్షన్ చేసి ఏళ్లయి ఉంటుంది. ఫోన్లు ఇక్కడే ఛార్జింగ్‌లో పెట్టి రండి. మూడు, రెండు, ఒకటి. నీళ్లన్నీ ఒకేసారి పోయండి, ఒకే వైపు తిప్పండి. చప్పుడు వచ్చినవాళ్లు చెయ్యెత్తండి, నేను మీ దగ్గరికి వస్తాను.